మొదటి బిందె

మా వీధికి రోజు విడిచి రోజు, పొద్దున ఆరింటికి నీళ్ళొస్తాయి. వీధి చివర ఒకటే కుళాయి, ముప్పై గడపలు, గంటసేపు ధార. ముందురోజు సాయంత్రమే ఎవరి గుర్తు వాళ్ళు వరుసలో పెట్టేసి వెళ్తారు. మూతలేని డబ్బా, చిల్లుపడ్డ బకెట్, ఇటుక. ఇటుకలు మనుషులకంటే ఓపికగా నిలబడతాయి. పైగా వెనకవాళ్ళ గురించి చెప్పుకోవు.

వరుసలో మొదటి చోటు పిన్నిది. ఆవిడ ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు, వీధందరికీ పిన్నే. చివరి చోటు నాది. దానికోసం నేను ఎవరితోనూ పోటీపడలేదు, గుర్తు పెట్టడం మరిచి నిద్రపోయానంతే.

"ఆలస్యం అమృతం విషం," అనేవారు మా అత్తగారు, నేను బిందె చంకనెత్తుకున్న ప్రతిసారీ. "నువ్వెళ్ళేసరికి కుళాయి ఆవలిస్తూ ఉంటుంది."

"ఆవలించినప్పుడేగా అత్తయ్యా, నోరు పెద్దగా తెరిచేది!"

అలాంటి వీధిలో మూడు వారాల్లో పదకొండు ఇళ్ళకు విరేచనాలు పట్టుకున్నాయి. పిన్ని మనవరాలికి నాలుగేళ్ళు. దానికి రెండుసార్లు సెలైన్ ఎక్కించారు. వీధికి దోషి దొరకడానికి ఒక్క పూట చాలింది. మూలమీద కోసిన పళ్ళు అమ్మే బండామె. బండి మీద ఈగలున్నాయి, గాజు మూత పగిలింది, ఆమెకు ఎదురు చెప్పే అలవాటు లేదు. దోషికి ఇంతకంటే ఏం కావాలి?

"ఆదివారం మధ్యాహ్నం అందరం వెళ్ళి చెప్పేద్దాం. ఆ బండి ఇక్కడ ఉండటానికి వీల్లేదు," అంది పిన్ని. ఆ బండి మీద ఒక కుటుంబం బతుకుతోందని అందరికీ తెలుసు. తెలిసే తలలూపారు.

నాకొచ్చిన చిక్కు వేరు. ఆ బండి దగ్గర వారానికి నాలుగుసార్లు బొప్పాయి ముక్కలు తినేది నేనే. కూరగాయల వంకతో, అత్తగారికి తెలియకుండా. వీధి సగం మంచాన పడితే నేను గుండ్రాయిలా తిరుగుతున్నాను. ఈ మాట చెబితే ఇంట్లో పేచీ. చెప్పకపోతే మూలమీద బండి ఉండదు. మూడోదారి ఏదైనా ఉందా అని వెతుక్కుంటుండగా ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ వచ్చింది.

ఆమె గడపగడపకీ తిరిగి ఫారాలు నింపుతోంది. ఇంటికి ఇరవై ఆరు ప్రశ్నలు. సబ్బుతో చేతులు కడుగుతారా అంటే అందరూ కడుగుతారు. నీళ్ళు కాచి తాగుతారా అంటే అందరూ కాస్తారు.

"ఇంత శుభ్రమైన వీధికి రోగం దారితప్పి వచ్చినట్టుంది," అంది మా గడప మీద కూలబడి.

"నా దస్తూరీ బాగుంటుంది. మీరు అడగండి, నేను రాస్తాను," అన్నాను. నలుగురి వంటిళ్ళలోకి దర్జాగా తొంగిచూసే అవకాశం ఎవరు వదులుకుంటారు?

ఇరవై ఏడో ప్రశ్న నేను చేర్చాను. బండి పళ్ళు తిన్నారా? జబ్బుపడ్డ పదకొండు ఇళ్ళలో తిన్నవి మూడు. బాగున్న పంతొమ్మిదింటిలో పది. అందులో మా ఇంటిది కాస్త చిన్న అక్షరాల్లో రాశాను.

"బండి కాదైతే," అంది నర్సమ్మ, "మరేమిటి?"

ఆ సాయంత్రం జబ్బుపడ్డ ఇళ్ళ జాబితా మళ్ళీ చదువుకున్నాను. పిన్ని, తాపీమేస్త్రి ఇల్లు, కవలపిల్లల తల్లి, రిటైరైన మాస్టారు... వీళ్ళందరినీ ఒకచోట ఎక్కడో చూస్తూనే ఉన్నాననిపించింది. ఎక్కడా? కాస్త ఆలోచిస్తే తట్టింది. ఇవన్నీ వీపులు! రోజు విడిచి రోజు వరుస చివర నిలబడి నేను చూసే వీపులు. కుళాయి దగ్గర్నుంచి మొదటి పన్నెండు. అందులో తప్పించుకున్నది ఒక్కటే, మూడో వీపు, దర్జీ అక్కది.

పరిగెత్తాను. "అక్కా, మీరు ఏ నీళ్ళు తాగుతారు?"

ఆవిడ నోట్లోంచి గుండుసూదులు తీసింది. "ముందు పట్టినవి కొత్తగుడ్డ తడపడానికి. పొద్దున్నే ఆరేస్తేనేగా మధ్యాహ్నం కత్తెర పడేది! తాగేవి నీ తరవాత మళ్ళీ వచ్చి పట్టుకుంటా. నువ్వెప్పుడు చూశావులే, కళ్ళు మూసుకునే పడతావు."

నర్సమ్మకు చెబితే సంచిలోంచి అడుగున పరీక్షమందు వేసిన మూడు చిన్న సీసాలు తీసింది. "నీళ్ళు పోసి రెండు రోజులు కదపకుండా ఉంచు. మురుగు కలిసిన నీళ్ళయితే నల్లబడతాయి. మూడే ఉన్నాయి, ఒలకబొయ్యకు."

శుక్రవారం ఆరింటికి నన్ను కుళాయి దగ్గర చూసి పిన్ని గుండెమీద చెయ్యి వేసుకుంది. "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"ఒక్క చిన్న సీసా పిన్నీ, మీ బిందెకి ముందు."

"నా ముందు ఎవరూ పట్టరు."

"పోనీ, మీ బిందెలోంచే పోయండి."

వింతగా చూస్తూనే పోసింది. అరగంటకి రెండో సీసా. మూడోది నా బిందెలోంచి.

సీసాలు వంటింటి అలమరలో కొలువుతీరాయి. పాలు పొంగాయేమో చూసినట్టు అత్తగారు గంటకోసారి వచ్చి చూసేవారు. "నల్లబడిందా?" "ఇంకా లేదు." "నువ్వు సరిగ్గా పోశావా?" శనివారం సాయంత్రానికి మొదటి సీసా కాటుకలా అయ్యింది. ఆదివారం పొద్దునకు రెండోది బూడిదరంగుకు తిరిగింది. మూడోది మాత్రం పోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

అత్తగారు సీసాను చూసి, నన్ను చూసి, మళ్ళీ సీసాను చూశారు. "అయితే ఇన్నాళ్ళూ మనింటిని కాపాడింది నీ నిద్రన్నమాట. ఈ మాట బయట అనకు."

మధ్యాహ్నం బండి చుట్టూ జనం చేరారు. నేను సీసాలు బండిమీద పెట్టాను. "ఈ పళ్ళవల్లే అయితే అందరికంటే ముందు మంచమెక్కాల్సింది నేను. వారానికి నాలుగుసార్లు తింటున్నాను."

"నాకు తెలుసు," అంది వెనకనుంచి అత్తగారి గొంతు. "కూరగాయలకని వెళ్ళి, ఉత్త సంచితో, బొప్పాయి వాసనతో వస్తే తెలియదా?"

నవ్వులు చల్లారాక నర్సమ్మ విషయం చెప్పింది. నీళ్ళురాని రోజుల్లో గొట్టం ఖాళీగా ఉంటుంది. పగుళ్ళలోంచి పక్క కాలవ మురుగు అందులోకి చేరుతుంది. నీళ్ళు వదలగానే ముందు బయటికొచ్చేది అదే.

పిన్ని ఒక్కతే నవ్వలేదు. నల్లసీసానే చూస్తోంది.

"ఆ బిందెలో చుక్క కూడా ఎవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు," అంది. "మొదటి నీళ్ళు మంచివని, పిల్ల కోసం దాచేదాన్ని."

అంతవరకూ ఓ పక్కన నిలబడ్డ బండామె ముందుకొచ్చింది.

"పాపకి ఇప్పుడెలా ఉంది పిన్నీ?"

"కాస్త తింటోంది," అంది పిన్ని, తలెత్తకుండా.

బండి కదల్చమని ఇక ఎవరూ అనలేదు. పగిలిన మూత మార్చమని మాత్రం నర్సమ్మ గట్టిగా చెప్పింది. ఈగల పక్షాన మాట్లాడినవాళ్ళు లేరు. గొట్టం బాగయ్యేదాకా మొదటి నీళ్ళు నేల కడగడానికీ బట్టలకీ వాడాలని, తాగేవి ఏవైనా నిజంగానే కాచాలని ఒప్పుకున్నారు.

తరవాతి నీళ్ళరోజు నేను మామూలుగానే నిద్రకళ్ళతో వెళ్ళాను. కుళాయి ధారగా పోతోంది. దాని దగ్గర మనిషి లేడు.

"మీరు కానివ్వండి వదినా."

"అయ్యో, పెద్దవారు, మీరుండగా నేనా!"

మా వీధిలో అంత మర్యాద నేనెన్నడూ చూడలేదు. చివరికి పిన్నే కదిలింది. మొదటి బిందె పట్టి, కుళాయి గట్టంతా కడిగి, వచ్చి నా వెనక నిలబడింది. వరుసలో నా వీపు ఒకరికి కనబడటం అదే మొదటిసారి.

కాసేపటికి చెవి దగ్గర గొంతు తగ్గించి అడిగింది. "ఆ బొప్పాయి పిల్లకి పెట్టొచ్చంటావా?"

"కాయ తెచ్చి, కడిగి, ఇంట్లో కోసి పెట్టండి."

"మంచి కాయ ఎంచడం నీకు తెలుసా?"

"నాకు తినడమే తెలుసు పిన్నీ. ఎంచడం ఆమెకి తెలుసు."

మూలమీద బండి అప్పుడే ఆగింది, కొత్త మూతతో. పిన్ని ఖాళీ బిందె నా చేతిలో పెట్టి, "నా చోటు చూస్తుండు," అని అటు నడిచింది.