మంచుకు మరగాళ్ళు

హిమాలయాల్లో కొండ ఎక్కాలంటే ఏమేం సర్దుకోవాలో ముప్పై నాలుగు వస్తువుల జాబితా శివజ్యోతి ఫోనుకు వచ్చింది. అందులో పదకొండింటి పేర్లు ఆమెకు అర్థం కాలేదు. తొమ్మిది డోన్‌లో దొరకవు. మిగిలినవి ఇంట్లోనే ఉన్నాయిగానీ, అత్తగారు లక్ష్మక్క వాటిని ఎక్కడ దాచిందో లక్ష్మక్కకే తెలియదు.

శివజ్యోతికి నలభై ఆరేళ్ళు. డోన్ జంక్షన్‌లో టికెట్లిచ్చే కిటికీ వెనక పద్దెనిమిదేళ్ళుగా కూర్చుంటోంది. ఢిల్లీ అన్నవాళ్ళకు ఢిల్లీ, డెహ్రాడూన్ అన్నవాళ్ళకు డెహ్రాడూన్ కొట్టి ఇచ్చింది. తాను మాత్రం ఏ ఊరికి పోయినా పెళ్ళికో, పురిటికో, కర్మకో పోయింది. పోయిన ప్రతిచోటా చివరికి వంటింట్లోనే తేలింది. ఒక్కసారి, ఒక్క ఎనిమిది రోజులు, ఎవరికీ ఏమీ వండకుండా, ఎవరి తువ్వాలూ వెతికిపెట్టకుండా, మంచుకొండ ఎక్కి రావాలని ఆమె కోరిక. కొండ ఎక్కడం సంగతి అందరికీ చెప్పింది. వండకపోవడం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ట్రెక్కింగ్ కంపెనీకి పేరిచ్చింది. సెలవు మంజూరైంది. ఒక్కటే మెలిక. జాకెట్టూ టోపీ బూట్లూ అన్నీ తొడుక్కుని, ఎనిమిది కిలోల బ్యాగు వీపున వేసుకుని, చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, ఐదు కిలోమీటర్లు యాభై ఐదు నిమిషాల్లో నడవాలి. ఆ వీడియో, ఫోనులో పడిన నడక లెక్కా ఆదివారం సాయంత్రంలోగా పంపాలి. లేకపోతే ఆమె సీటు వెయిటింగ్ లిస్టులో మొదటివాడికి పోతుంది. వెయిటింగ్ లిస్టులో మొదటివాడంటే ఎలా ఉంటాడో శివజ్యోతికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ మనిషి నిద్రపోడు.

సర్దడం మొదలుపెట్టిన రోజే లక్ష్మక్క వచ్చి బ్యాగు పక్కన పీట వేసుకుంది. ఆమెది కన్నడ సరిహద్దున ఉన్న కోసిగి. ఉగాదికి ముందు కన్నడ దేశం నుంచి శ్రీశైలానికి నడిచిపోయే భక్తులతో కలిసి పద్నాలుగుసార్లు వట్టికాళ్ళతో నల్లమల దాటిన మనిషి.

"ఒగ చీర, ఒగ దుప్పటి, ఇంత విభూది. అంతే నేను మోసింది. ఇదేందిమే, పెండ్లికూతురికి సారె కట్టినట్ల?"

"ఆడ మైనస్ పది ఉంటాది అత్తా."

"మైనసంటే?"

"సున్నా కన్నా తక్కువ."

"సున్నా అంటేనే ఏమీ ల్యాకపోవడం. దాని కన్నా తక్కువ దానికి ఇన్ని స్వెట్టర్లేంటికి?"

అయితే తిండి విషయానికి వచ్చేసరికి లక్ష్మక్క లెక్క మారిపోయింది. "మా తోవలో అయితే అడుగడుక్కీ అన్నం పెడతారు, మజ్జిగిస్తారు. నీ మంచుగడ్డ మీద ఎవురుండారు పెట్టేదానికి?" అని ముప్పై ఎండు సజ్జరొట్టెలు, చెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ, సంచెడు బొరుగులు లోపలికి తోసింది.

శివజ్యోతి భర్త ఉమామహేశ్ నాపరాళ్ళ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. బరువు సంగతి తాను తేలుస్తానని బ్యాగును ఫ్యాక్టరీకి తీసుకుపోయి, లారీలు తూచే కాటా మీద పెట్టాడు. కాటా సున్నా చూపించింది.

"చూస్తివా? బరువే ల్యాదు," అని లక్ష్మక్క ఇంకో కిలో చెనక్కాయలు వేసింది.

మరునాడు స్టేషన్‌లో పార్శిల్ ఆఫీసులో తూస్తే పదిహేడున్నర. ఆ తర్వాత మూడు రోజులు శివజ్యోతి తీయడం, లక్ష్మక్క పెట్టడం. చివరికి ఎనిమిది కిలోలకు తెగిందిగానీ, ఊరగాయ సీసా నిలిచింది, రెండో స్వెట్టర్ దిగిపోయింది.

ఇక మిగిలింది నడక కర్రలు. ఫోనులో ఆర్డరు పెట్టినవి మూడు రోజులుగా కర్నూలు దాటి రావడం లేదు. శనివారం మధ్యాహ్నం, కిటికీ ముందు గుంతకల్లుకు పోయేవాళ్ళు బారులు తీరి ఉండగా, శివజ్యోతి ఇంటికి ఫోను చేసింది.

"అత్తా, మన వడ్రంగి బొజ్జన్నతో రెండు కట్టెలు చేపియ్యల్ల. కొండకు నడిచేదానికి."

"కొండకు నడిచే కట్టెలా?"

"ఆ, అవే. సాయంత్రానికి కావల్ల."

"ఎంత ఎత్తు ఉండల్ల?"

"పన్నెండున్నర వేల అడుగులంట!"

"కట్టెలా?"

"కొండ అత్తా, కొండ! కట్టెల సంగతి బొజ్జన్నకే తెలుస్తాదిలే." ఫోను పెట్టేసి, గుంతకల్లుకు నాలుగు టికెట్లు కొట్టింది.

బొజ్జన్నకు నిజంగానే తెలుసు. ఆయనదీ కోసిగే. కొండకు నడిచే కట్టెలంటే ఆ పక్క ఒకటే అర్థం. మొక్కున్న భక్తులు కాళ్ళకు కట్టుకుని, నేలకు జానెడో మూరెడో పైన శ్రీశైలం దాకా నడిచిపోయే కర్రకాళ్ళు. వాటిని మరగాళ్ళంటారు. కోడలు అంత పెద్ద మొక్కు మొక్కుకుందా అని మొదట లక్ష్మక్క ఆశ్చర్యపోయింది. తర్వాత మంచు గుర్తొచ్చి, అంతా అర్థమైపోయింది.

సాయంత్రం శివజ్యోతి ఇంటికి వచ్చేసరికి గడప పక్కన ఆమె కన్నా జానెడు ఎత్తున రెండు కట్టెలు ఆనించి ఉన్నాయి. అడుగుభాగాన పాదం పెట్టుకునే పీటలు, పీటలకు పాత పట్టుచీర మెత్తలు, కట్టుకునేందుకు తోలుపట్టీలు. పైనుంచి కిందికి విభూది రేఖలు, కుంకుమ బొట్లు, రెండు మూరల చామంతులు.

"ఏందత్తా ఇవి?"

"నీ కట్టెలే. నీ చెప్పు కొలత ఇచ్చి చేపిచ్చినా. మంచు కాలికి తగలకుండా పైపైనే పోతారంట గదా! శానా తెలివైనోల్లుమే మీ కంపెనీవాల్లు. ఇంగ సాక్సులేంటికని బ్యాగులోంచి తీసేసినా. ఆ సందులో బొరుగులు పట్టినాయి."

శివజ్యోతి గడప మీద కూలబడింది. "చేత్తో పట్టుకునేటివి అత్తా! చేత్తో!"

"చేతులతో నడుస్తారా?"

పీటలు కోసేద్దామని ఉమామహేశ్ రంపం తెచ్చాడు. లక్ష్మక్క అడ్డంగా నిలబడింది. "రేయ్ మహేశా, పూజ చేసినా వాటికి. మొక్కి బయట పెట్టిన మరగాళ్ళు కొండ తోవ పట్టేదాకా కోయకూడదు, పండబెట్టకూడదు. ఇంట్లో ఇంగో కట్టె పట్టుకోకూడదు. మీ నాయన కాలం నుంచీ అంతే."

"మాప్ కర్ర?" అన్నాడు ఉమామహేశ్.

"దేవుని కట్టెలకు ఎదురుగా మాపు కర్రనా?"

ఇల్లంతా వెతికినా మాప్ కర్ర మరి కనిపించలేదు. ఎవరు దాచారో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆదివారం తొమ్మిదికి రైల్వే క్వార్టర్స్ గేటు దగ్గర నడక మొదలైంది. అంతకు ముందు సాక్సులు వెతకడానికి రెండు గంటలు పట్టింది. మార్చి నెలకే నెత్తి మాడే ఎండలో శివజ్యోతి ఉబ్బు జాకెట్టు, మంకీ క్యాపు తొడుక్కుని, వీపున బ్యాగుతో, రెండు చేతుల్లో పూలదండలున్న రెండు మరగాళ్ళతో రోడ్డెక్కింది. పక్కన స్కూటరు మీద ఒక చేత్తో ఫోను పట్టుకుని ఉమామహేశ్. అతని వెనక సీటు మీద లక్ష్మక్క.

మొదటి కిలోమీటరు బాగానే నడిచింది. టీ అంగడి నరసన్న ఆమెను చూసి గ్లాసు కింద పెట్టి, రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చాడు. చేతులు జోడించి, బిందెడు నీళ్ళు ఆమె బూట్ల మీద పోశాడు.

"తల్లీ! మొక్కా?"

"మొక్కు కాదన్నా, ట్రెక్కు!"

"ఏ మొక్కయినా మొక్కే తల్లీ. మజ్జిగ తాగి పో."

"నాకు టైము ల్యాదన్నా..."

"మే!" అని స్కూటరు మీంచి లక్ష్మక్క గద్దించింది. "కట్టెలు పట్టుకున్నంక ఇచ్చింది కాదనకూడదు. తాగు."

తాగింది. ఇంకో గ్లాసు కూడా తాగింది. అప్పటికి నరసన్న కేక విని వీధి బయటికొచ్చింది. ఒకామె అరటిపండ్లు బ్యాగు పక్క జేబులో దోపింది. ఒకాయన టెంకాయ పెట్టాడు. ఇద్దరు పిల్లల తల్లి పిల్లల్ని వరసగా వంచి శివజ్యోతి తడి బూట్లకు మొక్కించింది. మంకీ క్యాపులోంచి చెమట కారుతుంటే శివజ్యోతి పిల్లల నెత్తిన చెయ్యి పెట్టి దీవించి, ముందుకు పోయింది. సైకిలాయన ఒకడు వెంటబడి మరీ ఆపాడు.

"శ్రీశైలం ఇటు కాదమ్మా. ఎనక్కి తిరగల్ల. ఇట్ల పోతే గుత్తి వస్తాది!"

"తెలుసప్పా!"

"తెలిసీ పోతాండావా?" అని అతను ఎండలో అలాగే నిలబడిపోయాడు.

మూడో కిలోమీటరు దగ్గర చర్చి వదిలారు. టికెట్ల కిటికీలో శివజ్యోతి పక్క సీటు కృపమణి తెల్లచీరలో మెట్లు దిగుతూ చూసింది.

"అక్కా! హిమాలయాలకు ఇప్పుడే పోతాండావా? నడుచుకుంటనే?"

"కాదు కృపా, ఇది పరీక్ష. నన్ను ఆపొద్దు, నీకు దండం పెడతా."

'పరీక్ష' అన్న మాట పాస్టరుగారి చెవిన పడింది. పరీక్షలో ఉన్న బిడ్డను ఊరికే పంపడం ఆయనకు ఇష్టం లేకపోయింది. చిన్న ప్రార్థన అన్నాడు. మంచు కోసం, దారి కోసం, మోకాళ్ళ కోసం, రైల్వే శాఖ కోసం ప్రార్థించాడు. మధ్యలో ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా లక్ష్మక్క గట్టిగా "ఆమెన్" అంటూనే ఉంది. మూడో ఆమెన్‌కు ఆయన ప్రార్థన ముగించేశాడు.

అక్కడ లక్ష్మక్క స్కూటరు దిగిపోయింది. "నీ బండి కన్నా నా కాళ్ళు నయం," అని కొడుకుతో చెప్పి, చీర కుచ్చెళ్ళు దోపి, వట్టికాళ్ళతో కోడలి ముందుకు వచ్చింది. "జరగండప్పా! మొక్కేది తిరిగొచ్చినంక మొక్కుదురు! జరగండి!" అంటూ నడిచింది. అది నడక అనడానికి లేదు. డెబ్బై ఏళ్ళ మనిషి వెనక పడకుండా ఉండడానికి శివజ్యోతి టెంకాయతో సహా పరుగెత్తాల్సి వచ్చింది. టెంకాయలు పట్టుకుని నిలబడిన రెండు గుంపులు లక్ష్మక్కను చూసి గోడకు అతుక్కుపోయాయి.

ఐదో కిలోమీటరు రాయి దగ్గర ఫోను గంటా పద్దెనిమిది నిమిషాలు చూపించింది.

శివజ్యోతి మోరీ గట్టు మీద కూర్చుని మంకీ క్యాపు తీసింది. వెయిటింగ్ లిస్టులో మొదటివాడు ఎక్కడో ఈ క్షణాన లేచి, పెట్టె దించి, దుమ్ము దులుపుతూ ఉంటాడు. పంపొద్దని ఆమె చెబుతుండగానే ఉమామహేశ్ వీడియో పంపేశాడు. "తీసిన కష్టం నాది," అన్నాడు.

మధ్యాహ్నం అన్నాల వేళకు హైదరాబాదులో కంపెనీ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. శివజ్యోతి చేతికి అన్నం ఉంది. ఉమామహేశ్ స్పీకరు పెట్టాడు.

"మేడమ్, మొదటి కిలోమీటరు వీడియోలో ఒక మీసం తప్ప ఏమీ కనిపించలేదు."

ఇద్దరు ఆడవాళ్ళూ ఉమామహేశ్ వైపు చూశారు. ఆయన పప్పు కలుపుకోవడంలో మునిగిపోయాడు.

"ఫరవాలేదు, ఫోను లెక్క ఉంది కదా. దీవించడానికి, తాగడానికి, ప్రార్థనకు ఆగిన టైము మేం పట్టించుకోం. నడిచిన టైము యాభై రెండు నిమిషాలు. మీరు పాసయ్యారు."

శివజ్యోతి ఎడమచేత్తో ఫోనును తన వైపు జరుపుకుంది.

"కర్రలు మాత్రం తేకండి మేడమ్, అక్కడ మేమే ఇస్తాం. ఇంకో మాట. మీ ముందు చెప్పుల్లేకుండా నడుస్తున్న పెద్దావిడ ఎవరు? మా ఆఫీసులో అందరం చూశాం. ఆమెక్కూడా ఒక సీటు సర్దగలం. మీ గుడారంలోనే."

శివజ్యోతి నోటి దాకా ఎత్తిన ముద్దను కంచంలో దించేసింది. ఎనిమిది రోజులు. ఒకే గుడారం.

లక్ష్మక్క ఫోను ముందుకు జరిగి కూర్చుంది. "ఆడ వంటెవురు చేస్తారు పాపా?"

"మా వంటవాళ్ళుంటారమ్మా. మూడు పూటలా వేడిగా వండిపెడతారు."

"నీళ్ళు?"

"కాచి తెచ్చిస్తారు."

"గిన్నెలు?"

"వాళ్ళే కడుగుతారు."

"పడకలు?"

"మావాళ్ళే పరుస్తారమ్మా, మావాళ్ళే మడుస్తారు. కావాలంటే బ్యాగు కూడా కంచరగాడిద మోస్తుంది."

"మరి మీరేం చేస్తారు?"

"నడుస్తాం. కూర్చుని కొండల్ని చూస్తాం."

లక్ష్మక్క తల తిప్పి కోడలి వైపు చూసింది. శివజ్యోతి కంచంలోకి చూసింది. దాచిపెట్టిన కోరిక పూర్తిగా బయటపడిపోయింది.

"ఊరికే కూచునేదానికేనామే, ఇంత పెనుగులాట?"

"ఊ," అంది శివజ్యోతి, చాలా చిన్నగా.

లక్ష్మక్క ఫోనును నోటి దగ్గరికి లాక్కుంది.

"నాకొద్దు పాపా. ఊరికే కూచునేది నాకు చాతకాదు. రెండో దినానికే మీ వంటోల్లతో కొట్లాడతా. నా కోడల్ని పిల్చుకపోండి. అయితే ఒగ మాట. ఇది కూడా కూచుండే రకం కాదు. నోటితో కూచుంటానంటాది, గిన్నెల సద్దు వినబడితే లేచి పోతాది. పోనీయొద్దండి. చెయ్యి పట్టి ఎనక్కి కూచోబెట్టండి."

"అలాగేనమ్మా," అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

"నవ్వేది కాదు. రాసుకో."

"రాసుకుంటున్నానమ్మా. గిన్నెల దగ్గరికి..."

"పోనీయకూడదు," అని లక్ష్మక్క ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. కోడలు కంచం తీయబోతుంటే, అటు చూడకుండానే ఆమె మణికట్టు పట్టి కూర్చోబెట్టింది.