కాఫీ ఒలికిన భూకంపం

చివరి దెబ్బకి మేకు లోపలికి దిగాక జఫీరిస్ సుత్తి పక్కన పెట్టి, చర్చి గోడకి బిగించిన మడతపీటని పైకెత్తి వదిలాడు. అది తుపాకీలా పేలింది. తృప్తిగా తలూపి, మోకాళ్ళమీదే పక్క పీట దగ్గరికి జరిగాడు.

పవిత్ర శనివారం, ఈస్టరుకి ముందురోజు. ఇంకాసేపట్లో చర్చిలో భూకంపం రావాలి. మా ద్వీపంలో ఏటా వస్తుంది. క్రీస్తు సమాధి మీది రాయి దొర్లినప్పుడు భూమి కంపించిందని మత్తయి రాశాడు కాబట్టి, పాదిరి గుప్పిళ్ళతో లారెల్ ఆకులు విసరగానే మగాళ్ళందరూ గోడ వెంబడి ఉన్న పీటలెత్తి దబదబా కొడతారు. ఆడవాళ్ళు మేడలమీంచి కుండలు విసురుతారు. రేవులో కుర్రాళ్ళు డైనమైట్ పేలుస్తారు. ఒక ఏడాది తెగిపడ్డ వేలు ఎవరిదో తేలక మూడు కుటుంబాలు దానికి విడివిడిగా దీపాలు పెట్టాయి.

విరిగిన పీటల్ని మళ్ళీ అతికించడమే జఫీరిస్ జీవితం. ఎండిన ఆలివ్ కొమ్మలాంటి మనిషి. చెవిమీద పెన్సిలు, కనుబొమ్మల్లో రంపపు పొట్టు, పెళ్ళినాటి నుంచీ నల్లగానే ఉన్న ఎడమ బొటనవేలి గోరు. ఏదైనా విరిగితే తప్ప ఎవరికీ గుర్తొచ్చేవాడు కాదు. ఊళ్ళో తీసిన ఫోటోలన్నిట్లోనూ సగమే పడ్డాడు, తన పెళ్ళి ఫోటోతో సహా.

మళ్ళీ సుత్తి ఎత్తబోతే ఎడమ రొమ్ములో ఎవరో మరసీల బిగించినట్టయింది. పీటకి తల ఆనించి ఆగాడు. మొన్న పట్నం డాక్టరు, "పెద్ద చప్పుళ్ళకి దూరంగా ఉండు. అలా ఉన్నా వేసవి చూస్తావని చెప్పలేను," అన్నాడు. మా ఊరివాణ్ణి చప్పుడుకి దూరంగా ఉండమనడం చేపని తడికి దూరంగా ఉండమన్నట్టే. జఫీరిస్ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. వేసవి సంగతి అతనికి పట్టలేదు. రేపు ఈస్టరు భోజనానికి ఆ ఇద్దరూ తన బల్ల దగ్గర కూర్చోవాలి. అంతే.

ఒకడు అసిమాకిస్, రిటైరైన బడి మాస్టారు. దేన్నీ నమ్మడు, ఆఖరికి క్యాలెండరుని కూడా పేపరుతో సరిచూసుకుంటాడు. రెండోవాడు స్ట్రాటిస్. కసాయి, చర్చిలో కీర్తనలు పాడేదీ అతనే. అతను గొంతెత్తితే అవతలి ఒడ్డున టర్కీ గాడిదలు జవాబిస్తాయి. ముగ్గురూ ఒకే పడవమీంచి దూకి ఈత నేర్చుకున్నవాళ్ళు. ప్రతి ఈస్టరుకీ జఫీరిస్ ఇంట్లో ఎర్రరంగేసిన గుడ్లు ఎవరిది ముందు పగులుతుందో ఢీకొట్టి చూసుకుని తినేవాళ్ళు.

ఓ ఏడాది ఈ భూకంపం మీద మాటా మాటా పెరిగింది. మాస్టారి పన్నొకటి ఊడింది, స్ట్రాటిస్ చెవి అంచు చిరిగింది. "మీ భూకంపానికి, ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో నా కప్పు కూడా కదలదు," అన్నాడు మాస్టారు, నెత్తురు ఉమ్మేసి. "కదిలి కాఫీ ఒలికిన రోజున నేనే లోపలికొచ్చి, నీ పక్కన నిలబడి క్రీస్తు లేచెను అంటాను. అందాకా నీతో ఒక బల్ల దగ్గర కూర్చోను." అప్పట్నుంచీ స్ట్రాటిస్ పురమాయింపు మీద పీటల దెబ్బలు ఏటేటా పెరిగాయి. గోడమీది పటాల్లోని పునీతులు బెదిరి ఒక్కో అంగుళం వెనక్కి జరిగారంటారు. కాఫీ మాత్రం ఒలకలేదు.

జఫీరిస్ చేతిరంపం చంకన పెట్టుకుని సందు దాటాడు. హోటలు నడిపే కలిరోయి అప్పుడే పొయ్యి వెలిగిస్తోంది.

"మాస్టారి బల్ల ఊగుతోందిట," అన్నాడు.

"ఊగేది బల్ల కాదు, ఆయన బుర్ర. కానీ, తొందరగా కానీ."

బల్ల కింద దూరి ఒక కాలికి పెన్సిలుతో గీత గీసి, కొసన పలచటి ముక్క కోసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ ఖాళీలో కొవ్వొత్తి మైనం నొక్కాడు. మామూలుగా బల్ల నిలకడగానే ఉంటుంది. కుదుపొస్తే మైనం జారుతుంది. మాస్టారు సువార్తలకి బెదరడు గానీ చప్పుడుకి ఉలిక్కిపడతాడు. ఆ ఉలికిపాటు చాలు.

అతను లేచేసరికి మాస్టారు గుమ్మంలో ఉన్నాడు. వెనకే చర్చికి పోతూ స్ట్రాటిస్ కూడా ఆగాడు. మోచేతులదాకా గొర్రెపిల్లల నెత్తురు.

"రావయ్యా, కసాయి గాయకా," అన్నాడు మాస్టారు. "ఇవాళ సమాధి దగ్గర దేవదూతలు ఎందరు? మత్తయి ఒకడన్నాడు. లూకా ఇద్దరన్నాడు. మార్కుకైతే ఎవడో కుర్రాడు కనపడ్డాడు."

"రేవులో పడవలు గుద్దుకుంటే నలుగురు సాక్షులూ ఒక్కలాగే చెప్పారనుకో, పోలీసోడు ఏమంటాడు? కూడబలుక్కున్నారంటాడు. తలో రకంగా చెప్పారంటే చూసొచ్చారనే."

"తలో రకంగా చెప్పినోళ్ళలో భూకంపం ఒక్కడికే తెలిసిందా? మిగతా ముగ్గురూ ఉయ్యాల్లో కూర్చుని రాశారా? పైగా మార్కు పాత ప్రతుల్లో ఆఖరి మాట ఏంటో తెలుసా? సమాధి దగ్గరికెళ్ళిన ఆడవాళ్ళు భయపడి పారిపోయారు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎవరికీ చెప్పకపోతే నీకెవడు చెప్పాడ్రా?"

"ఆడవాళ్ళు అంత సంగతి చూసొచ్చి ఎవరికీ చెప్పలేదా?" అంది కలిరోయి పొయ్యి దగ్గర్నించి. "ఆ రాసినోడికి పెళ్ళి కాలేదు."

స్ట్రాటిస్ నవ్వాడు. నవ్వినవాడు ఊరుకోలేదు. "భూకంపం రాయకపోతే ఏంటిరా? నీ పెళ్ళినాడు వడగళ్ళు పడ్డాయి. ఎవరైనా వడగళ్ళ గురించి చెప్తారా? పెళ్ళాం లేచిపోయిందనే చెప్తారు."

నీళ్ళ గ్లాసు స్ట్రాటిస్ నుదుట పగిలింది. స్ట్రాటిస్ మాస్టారి మెడ పట్టుకుని తలుపుకేసి కొట్టాడు. మాస్టారు అతని బొటనవేలు కొరికాడు. జఫీరిస్ బల్లని తొడలతో నొక్కిపట్టి, నడుం పైభాగంతో మధ్యలోకి వంగాడు. ఒక పిడికిలి చెవిమీద, ఒక మోకాలు డొక్కలో. ఎప్పుడూ అంతే. వాళ్ళ వాదంలో మత్తయికి గానీ మార్కుకి గానీ ఇంతవరకూ ఒక్క దెబ్బ పడలేదు. అన్నీ జఫీరిస్‌కే.

కలిరోయి చీపురు తిరగేసి ముగ్గుర్నీ సమానంగా బాదింది. "పొండి. ఒకడు పాడుకో, ఒకడు కాఫీ తాగు, ఒకడు పీట కొట్టు."

"నువ్వు చెప్పరా, జఫీరిస్," అన్నాడు మాస్టారు రొప్పుతూ. "ఎవరిది నిజం?"

"నాది పీటల పని," అన్నాడు జఫీరిస్. "రేపు మాంసం ఎక్కువే వండుతా." ఇద్దరూ చెరోవైపు చూశారు.

చర్చి కిక్కిరిసింది. జఫీరిస్ తలుపు పక్కన, తన పీట దగ్గర నిలబడ్డాడు. స్ట్రాటిస్ నుదుటికి గుడ్డ చుట్టుకుని పాట ఎత్తుకున్నాడు. పూజాపీఠం ముందున్న తెర పక్కకి జరిగింది. పాదిరి దూసుకొచ్చి ఆకులు విసిరాడు.

పీటలు విరుచుకుపడ్డాయి. ముసలాళ్ళు తమని మోసం చేసిన ప్రతివాణ్ణీ తలుచుకుని కొట్టారు. దీపాలు గొలుసుల మీద ఊగి ఒకదాన్నొకటి గుద్దుకుని పగిలాయి. నూనె మెడల మీద పడుతున్నా ఎవరూ ఆగలేదు. ఒకడి వేళ్ళు పీట కింద నలిగాయి, రెండో చేత్తో కొట్టాడు. బయట కుండలు రాళ్ళమీద బద్దలయ్యాయి. రేవులో డైనమైట్ పేలి కిటికీ అద్దం లోపలికి రాలింది. జఫీరిస్ రెండు చేతుల్తో పీటెత్తి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి ఎత్తిన పీటని మెల్లగా దించి, దానిమీద కూర్చున్నాడు. రెండు చేతులూ పీట పక్కల ఆన్పుల మీద పెట్టుకున్నాడు. ఒక లారెల్ ఆకు అతని నెత్తిన వాలింది. అలిసిపోయాడనుకుని పక్కవాడు అతని వంతు కూడా కొట్టాడు.

చప్పుడు అణుగుతుండగా మాస్టారు వచ్చాడు. పంట్లాం నిండా కాఫీ. డైనమైట్‌కి అతను ఎగిరిపడ్డాడు, మోచెయ్యి బల్లకి తగిలింది, కప్పు ఒళ్ళో పడింది. నాలుగు సువార్తల్నీ తిరగేసిన మనిషి బల్ల నాలుగు కాళ్ళనీ తిరగెయ్యకుండా ఉంటాడా? కొత్తగా కోసిన తెల్లటి కొస, జారిన మైనం కనపడ్డాయి. ఆ మోసం ఊరందరి ముందూ బయటపెట్టాలని పెంకులు తొక్కుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏడీ ఆ వడ్రంగి?"

తలుపు పక్కనే కనిపించాడు. మాస్టారు కాలరు పట్టుకుని కుదిపాడు. "లేవరా. లేచి చెప్పు వీళ్ళకి."

జఫీరిస్ తల మాస్టారి చేతిమీదికి ఒరిగింది. చొక్కా జేబులోంచి చిన్న చెక్కముక్క జారి మాస్టారి రెండో అరచేతిలో పడింది.

"ఒలికింది," అని అరుస్తూ జనాన్ని తోసుకొచ్చాడు స్ట్రాటిస్. "చూడండ్రా వాడి పంట్లాం." అప్పుడు జఫీరిస్‌ని చూశాడు. వంగి అతని నెత్తి మీది ఆకు తీశాడు. చాలాసేపు దాన్ని వేళ్ళమధ్య తిప్పాడు.

"నిజంగానే ఒలికిందా?" అన్నాడు చివరికి. గొంతు చాలా చిన్నగా ఉంది.

"ఒలికింది."

"బల్ల కింద చూశావా? నువ్వు చూడకుండా ఉండవు."

మాస్టారు గుప్పిట మూశాడు. "చూశాను. అక్కడ ఏమీ లేదు."

తరవాత వెళ్ళి స్ట్రాటిస్ పక్కన నిలబడ్డాడు. క్రీస్తు లేచెను, అన్నాడు, కూర్చున్న మనిషినే చూస్తూ.

మర్నాడు జఫీరిస్ ఇంట్లో ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చున్నారు. పక్కగదిలో శవపెట్టె మూత తీసే ఉంది. కలిరోయి మూడు ఎర్రగుడ్లు పెట్టి వెళ్ళింది. రెండు ఢీకొట్టారు. మాస్టారిది పగిలింది.

"దేవదూత ఒకడే," అన్నాడు స్ట్రాటిస్, నమలుతూ.

"ఇద్దరు. లూకా చూసుకో."

స్ట్రాటిస్ బల్లమీద గుద్దాడు. వడ్రంగి ఇంటి బల్ల కదా, ఏనాడూ నిలకడగా లేదు. మూడో గుడ్డు అంచుదాకా దొర్లింది. మాస్టారు దాన్ని పట్టుకుని, వంగి, జేబులోంచి ఏదో తీసి పొట్టి కాలి కింద తోశాడు. స్ట్రాటిస్ కూడా వంగి చూశాడు. ఎముకలు నరికే మనిషికి కోత కొత్తదో పాతదో తెలుస్తుంది. లేచి కూర్చుని, మాస్టారి పళ్ళెంలో మాంసం వేశాడు.

బల్ల కింద, సరిగ్గా సరిపోయి, అంచున పెన్సిలు గీత ఇంకా చెరగకుండా, చెక్కముక్క ఉంది.