జాంబీల ఊళ్లో మరచెంబు

నేను ఒక మరచెంబుని. మర తిప్పి మూత బిగించే ఇత్తడి చెంబుని. ఒకప్పుడు మావాళ్లు లేనిదే ఎవరూ రైలెక్కేవారు కాదు. అయితే నన్ను ఏ కంచరీ పోత పోయలేదు. విజయవాడలోని ఒక చిన్న ఆఫీసులో ఝాన్సీ అనే అమ్మాయి ఆరు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని నన్ను తయారుచేసింది. వాళ్ల అమ్మమ్మ చెంబుకున్న సొట్టను కూడా వదల్లేదు. నేనుండేది ఒక జాంబీల ఆటలో.

ఆ ఆటలో చచ్చినవాళ్లు లేచి ఊరిమీద పడతారు. మిగిలినవాళ్లు బస్సు డిపోలో దాక్కుంటారు. వాళ్లందరికీ నేనొక్కదాన్నే దిక్కు. దాహం వేస్తే నన్నెత్తి, పెదవికి తగలకుండా నీళ్లు పోసుకోవాలి. ఎంగిలి చేస్తే రోగం అందరికీ అంటుతుంది. ఈ నియమం ఝాన్సీదే. అలా తాగడానికి నాలుగు సెకన్లు పడుతుంది. ఆ నాలుగు సెకన్లే నా కొంప ముంచాయి.

ఆట విడుదల కాగానే ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. శవాలు గోడలెక్కడం ఏమిటని ఒక్కరూ అడగలేదు. బతికున్న మనిషికి మాటిమాటికీ దాహమేమిటని మాత్రం అందరూ మండిపడ్డారు. మనుషులు ఏది నమ్ముతారో, ఏది నమ్మరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

"దాహం తీసేద్దామమ్మా, జనం విసుక్కుంటున్నారు," అన్నాడు ఆఫీసు పెద్ద రహంతుల్లా.

ఝాన్సీ ముఖం చిన్నబోయింది. "తీసేయండి సార్. కానీ తోడున్నవాణ్ని జాంబీ కరిస్తే, వాడు మారిపోయేలోపు ఒక నిమిషం ఉంటుందిగా. అప్పుడు వాడి నోట్లో నీళ్లు పోయనిద్దాం."

"పోస్తే బతుకుతాడా?"

"బతకడు సార్."

"పాయింట్లేమన్నా వస్తాయా?"

"రావు."

"సరే, నెల్రోజులు చూద్దాం. ఎవరూ పోయకపోతే చెంబునే తీసేస్తా."

ఆ నెలంతా డిపో అరమీద ఎదురుచూస్తూ గడిపాను. వేలమంది నా ముందునుంచే పరిగెత్తారు. జాంబీ కరిచిన తోటివాణ్ని కొందరు దాటుకుపోయారు, కొందరు ముందుజాగ్రత్తగా కాల్చేశారు. నిండా నీళ్లున్నా అడిగేవాళ్లు లేరు. అంత ఒంటరితనం ఏ వస్తువుకీ రాకూడదు.

ఇరవై ఏడో రోజున ఒకతను ఆగాడు. నన్ను తీసుకుని, పడిపోయిన తోడు పక్కన మోకాళ్లమీద కూర్చుని, నెమ్మదిగా పోశాడు. నాలుగు సెకన్లు. ఈలోగా శవాలు చుట్టుముట్టాయి. అతను లేవలేదు. ఆట పోయింది.

నెల చివర రహంతుల్లా లెక్క చూశాడు. "ఒక్కడేనమ్మా."

"ఒకడున్నాడు కద సార్," అంది ఝాన్సీ.

నన్ను ఉంచేశారు. అతను మళ్లీ రాలేదు. నేను అరమీదే ఉన్నాను, మూత బిగించుకుని, నిండా నీళ్లతో.