గాలింపు రూలు

నా ఆటని పాడుచేసినవాడు దుర్మార్గుడైతే నాకు సుఖంగా ఉండేది. లోకనాథ్ దుర్మార్గుడు కాదు. రాజమండ్రిలో వాళ్ళ స్టేషనరీ కొట్టు పైగదిలో ఆదివారాలు పదిమందిని పోగేసి బోర్డు గేములు ఆడిస్తాడు, అందరికీ టీలు తెప్పిస్తాడు, మాటకి ముందొక అండీ వెనకొక అండీ తగిలిస్తాడు. అలాంటి మనిషిని తిట్టడానికి నోరు రాదు. ఆ రోజు నాకు వచ్చింది.

ఆట పేరు ‘మొగ’. గోదావరి సముద్రంలో కలిసే చోటుని మా ఊళ్ళో అలాగే అంటాం. భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో బిల్లులు కొట్టే ఉద్యోగం నాది. అది పొట్టకోసం. మిగతా టైమంతా రెండేళ్ళపాటు ఈ ఆటకే పోశాను. పాత ఫ్లెక్సీ వెనక్కి తిప్పి ఏరూ సముద్రమూ గీశాను. వలకి కట్టే బెండ్లు కోసి పడవలు చేశాను. చింతగింజలు చేపలు. పాచిక వేసి పడవ నడపాలి, ఆగిన చోట కార్డు తీయాలి, చేప పడిందా గాలి కొట్టిందా అన్నది కార్డు చెబుతుంది. ఆఖర్న ఎవరి దగ్గర చేపలెక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు.

రూల్సు లెక్కలేనన్ని సార్లు మార్చాను. గాలింపు రూలు ఒక్కటే మొదటిరోజు రాసినట్టు ఉంచాను. ఎవరి పడవైనా మొగలో తిరగబడితే మిగతా అందరూ పట్టిన చేపలు వదిలేసి వెతకాలి. మనిషికి మూడుసార్లు పాచిక వేయొచ్చు. ఎవరికైనా ఆరు పడితే మునిగినవాళ్ళు దొరికినట్టు, మళ్ళీ వేట మొదలు. పడకపోతే ఆట అక్కడితో ఆఖరు. ఎవరూ గెలవరు.

లోకనాథ్‌కి ఆట నచ్చింది. యాభై పెట్టెలు అచ్చు వేయిస్తానన్నాడు. రూల్స్ పుస్తకం ఫైనల్ చేసి, పద్నాలుగు పేజీలు, వాట్సాప్‌లో పంపాడు. నేను బస్సులో నిలబడి ఉన్నాను. నా పేరు సరిగా పడిందో లేదో చూసుకుని బొటనవేలు బొమ్మ పెట్టేశాను. నా పేరు మాత్రం బాగానే పడింది, వీరదుర్గ అని, ఎర్రటి అక్షరాల్లో.

పెట్టెలొచ్చిన ఆదివారం మా పెదబాబు మావయ్యని వెంటబెట్టుకెళ్ళాను. మా అమ్మ తమ్ముడు. నలభై ఏళ్ళుగా వేట చేస్తున్న మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు. అటు బ్యాంకులో పనిచేసే సాయిరామ్, ఇటు ఇంజినీరింగ్ చదివే హర్షిత. మధ్యలో నా గోదావరి, నీలం రంగులో నిగనిగలాడుతూ. చింతగింజల బదులు ప్లాస్టిక్ చేపలు. చెప్పడానికి సిగ్గెందుకు, నాకు కళ్ళు చెమర్చాయి.

అరగంటకి హర్షిత పడవ తిరగబడింది. “అయ్యో, నేను అవుటా” అని ఫోను తీసుకుంది.

మావయ్య తన పళ్ళెంలో ఉన్న చేపలన్నీ పెట్టెలోకి వంపేశాడు. ఒక్క క్షణం ఆలోచించలేదు. పాచిక అందుకుని, “ముందు నేనేస్తానండి” అన్నాడు.

“మీ టర్న్ కాదండి” అని సాయిరామ్ పాచిక తీసుకుని, తన పడవని లోపలికి జరుపుకుని, ఇంకో రెండు చేపలు పట్టాడు. పనిలో పనిగా హర్షిత చేపలు కూడా తన పళ్ళెంలో వేసుకున్నాడు.

కుర్రాడికి తెలియలేదనుకున్నాడు మావయ్య. “బాబూ, అమ్మాయి నీళ్ళలో ఉందండి” అని మెల్లగా చెప్పాడు.

లోకనాథ్ నవ్వుతూ వచ్చాడు. “ఆ రూలు కొంచెం మార్చామండి. వెతకడం మీ ఇష్టం. వెతికితే ఐదు పాయింట్లు. మునిగినవాళ్ళ చేపలు పక్క పడవకి వెళ్ళిపోతాయండి.”

“ఐదెందుకండి?”

“వెతికినందుకండి.”

మావయ్య నావైపు తిరిగాడు. “ఇది నువ్వే రాసేవా అమ్మా?”

ఆ ప్రశ్నకి నేను చచ్చిపోయాను. బొటనవేలు బొమ్మ పెట్టింది నేనే మరి. ఆ కోపం కూడా కలుపుకుని లోకనాథ్ మీద పడ్డాను.

“ఎవర్నడిగి మార్చారండీ?”

“మీరు ఓకే అన్నారు కదండీ. ఆరుసార్లు ఆడించి చూశామండి. గెలిచేవాళ్ళకి చిరాకొస్తోంది. చేతినిండా చేపలుంటే వేరేవాళ్ళ కోసం ఎందుకాగాలంటున్నారు.”

“చిరాకు రావాలి! రావాలనే రాశాను!” నా గొంతు నాకే కొత్తగా ఉంది. “నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్న పడవ మొగలో తిరగబడింది. పులస ఎదురెక్కే రోజులండి అవి. ఒక్క చేప పడితే ఇల్లు గడిచిపోయే రోజులు. ఊళ్ళో ఒక్క పడవ వల వెయ్యలేదు. పద్దెనిమిది పడవలు మా నాన్న కోసం తిరిగాయి. దొరకలేదు. ఒక్కళ్ళు కూడా పాయింట్లడగలేదు!”

లోకనాథ్ ముఖం నిజంగానే పాలిపోయింది. “అయ్యో, ముందే చెప్పాల్సిందండి,” అన్నాడు జాలిగా. “పెట్టె వెనకాల వేసేవాళ్ళం. జనం బాగా కనెక్ట్ అయ్యేవారండి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్నని అట్ట వెనకాల, బార్‌కోడు పక్కన వేస్తాడట! “నా పేరు తీసేస్తారా, ఆ పేజీ తీసేస్తారా? రెండూ ఒకే పెట్టెలో ఉండవు.”

“ఆ రూలుతో ఎవరూ కొనరండి.”

“కొనకపోతే పీడా పోయింది!”

మేమిలా అరుచుకుంటుంటే బల్ల మీద పాచిక చప్పుడు వినిపిస్తూనే ఉంది. అప్పుడు చూశాను. మావయ్య వేస్తున్నాడు. రెండు. నాలుగు. రెండు. ఒకటి. మూడుసార్లు ఎప్పుడో దాటేశాడు.

“మావయ్యా, అయిపోయాయి. మూడే.”

“మూడని ఎవరు చెప్పేరు నీకు?”

“మూడు రోజులు గాలించారు కదా. అందుకని.”

ఆయన పాచిక మళ్ళీ వేశాడు. ఐదు. “మూడో రోజు చాల్లే అన్నది నేనేనమ్మా. మిగతావాళ్ళు నాలుగో రోజూ ఎల్దామనే అన్నారు. ఊళ్ళో పిల్లలు పస్తులున్నారని నేనే పడవలు వెనక్కి తిప్పించేను.”

పదహారేళ్ళు. పదహారేళ్ళలో ఈ మాట నాకు ఒక్కళ్ళు చెప్పలేదు. ఊరంతా చేయగలిగిందంతా చేసిందని గర్వపడి, ఆ గర్వాన్ని రూలుగా రాసుకుని, దానికోసం ఇందాకటిదాకా ఊగిపోయాను. ఆ క్షణంలో మావయ్య మీద వచ్చిన కోపం ముందు లోకనాథ్ మీదది ఏపాటిది? చొక్కా పట్టుకుని అడగాలనిపించింది, నాలుగో రోజు ఎందుకెళ్ళలేదని. ఆయన చెయ్యి పాచిక వేస్తూనే ఉంది. హర్షిత ఫోను పక్కన పెట్టి ఆ చేతినే చూస్తోంది.

నేను పెట్టెలోంచి రూల్స్ పుస్తకం తీసి, గాలింపు పేజీ తెరిచి, పెన్నుతో సహా లోకనాథ్ చేతిలో పెట్టాను.

“ఇక్కడ రాయండి. దొరికేదాకా వెయ్యాలి.”

“అలాగైతే ఆట ఎప్పటికి అవుతుందండీ?”

“అవ్వదు,” అన్నాను. “రాయండి.”