హోల్డ్ సెయ్యి

నేను ఒక రిమోటుని. టీవీ పక్కన పడుండే రిమోటు అనుకునేరు, ఆ జాతి వేరు. నాకు మెడలో వేసుకునే పట్టీ ఉంది, నెత్తిన మూరెడు ఏరియల్ ఉంది, రెండు కర్రలున్నాయి, అంకెలు చూపించే చిన్న తెర ఉంది. బొమ్మ హెలికాప్టర్ గాలిలో ఉన్నంతసేపూ దాని ప్రాణం నా దగ్గరే ఉంటుంది. చదువు అంటారా, నాకు వచ్చినవి అంకెలే, అవీ సున్నా నుంచి వంద దాకా. కాని ఒకసారి నాలో పెట్టిన మాట పదేళ్ళయినా మరిచిపోను.

సముద్రం అవతల ఏదో కార్ఖానాలో పుట్టి, అట్టపెట్టెలో ఓడెక్కి వచ్చాను. విశాఖపట్నంలో ఆ పెట్టె విప్పినవాడు ఒక పళ్ళ డాక్టరు. మంచివాడే. కాని హెలికాప్టర్‌ని మోకాలెత్తు దాటనిచ్చేవాడు కాదు. మనుషులతో ఇదే చిక్కు, ఎగిరే వస్తువుని ముచ్చటపడి కొనుక్కుంటారు, కొన్నాక అది ఎక్కడ ఎగురుతుందోనని హడలిపోతారు. చివరికి తన కుర్చీకి ఇరుసు చేసిపెట్టిన లేతు మేస్త్రి పైడిరాజుని పిలిచి, హెలికాప్టర్‌తో సహా నన్ను అప్పగించి ఊపిరి పీల్చుకున్నాడు.

పైడిరాజుది గాజువాక. ఆయన చేతిలో ఆరేళ్ళు ఆకాశం చూశాను. ఆదివారం వస్తే ఊరి బయట బీడులో నలుగురు చేరేవాళ్ళు, తలా ఒక విమానమో హెలికాప్టరో. పోయినేడు ఆయనకి పక్షవాతం తగిలీ తగలనట్టు తగిలింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, ఎడమ చేతికి మాత్రం వణుకు ఉండిపోయింది.

నా ఎడమ కర్రకి రెండు పనులు. పైకి తోసినకొద్దీ మోటారు వేగం పెరుగుతుంది, దాంతోపాటే పైన తిరిగే రెక్కల వాలూ పెరుగుతుంది, హెలికాప్టర్‌ని పైకి లేపేది ఆ వాలే. చెయ్యి వణికితే కర్ర వణికేది, కర్ర వణికితే రెక్కల వేగం కూడా ఎగిరిపడేది. హెలికాప్టర్ ఉబ్బసం మనిషిలా ఎగశ్వాస తీసి, ఒకరోజు ముళ్ళకంచె మీద కూలబడింది.

ఆ బీడుకి పెద్ద జోగారావు గారు. ఆయన పక్కన కూర్చుని మెల్లగా చెప్పారు.

“పైడిరాజు గారూ, మీ మీద గౌరవం లేక కాదండీ. రెక్క విరిగి ఎవరి కంట్లోనైనా పడితే? వచ్చే ఆదివారం ఒక్కసారి ఎగరేసి చూపించండి. నిలబడిందా, సరే. లేదంటే ఇక గట్టు మీద కూర్చుని చూద్దురుగాని. టీ నేను పోయిస్తాను.”

టీ అన్న మాటే పైడిరాజుకి ఎక్కువ గుచ్చుకుందని నాకు అనిపించింది.

ఇంటికి వచ్చి మూడు రోజులు నన్ను వదల్లేదు. కర్ర అడుగున ఉంటే ఎంత వేగం, సగంలో ఎంత, పైన ఎంత అని నాలో అయిదు చుక్కలు పెడతారు. ఆ చుక్కలు కలిపితే తెర మీద మెట్లెక్కినట్టు ఒక గీత వస్తుంది. ఆయన అరవైని యాభై అయిదు చేసి చూశాడు, ఎనభైని డెబ్బై అయిదు చేసి చూశాడు. మెట్లు పొట్టివయ్యాయి గాని మెట్లు మెట్లే.

అదే గదిలో ఆయన భార్య నూకరత్నం మిషను మీద జాకెట్లు కుడుతూ ఉంటుంది.

“ఏటి మావా, మూడ్రోజుల్నించి దాని పీక నులుముతన్నావు.”

“వేగం నిలబడ్డం లేదే. నా సెయ్యి వణికితే అదీ వణుకుతంది.”

“మరి వేగాన్ని సేతికెందుకిచ్చావు?”

“ఇంకెవరికివ్వమంటావు, మీ అన్నకా?”

“మా అన్న ఊసెందుకు. నా మిషను సూడు. వేగం కాలిది, కుట్టు పొడుగు ఈ మరసీలది. కాలు గట్టిగా తొక్కితే కుట్టు పెద్దదవుద్దా? నువ్వు రెండూ ఒక్క సేతికే కట్టీసి, ఆ సేతిని తిడతన్నావు.”

పైడిరాజు ఆమెని చూశాడు, నన్ను చూశాడు. తరవాత అయిదు చుక్కల్లోనూ డెబ్బై అని పెట్టాడు. ఇన్నాళ్ళూ మెట్లెక్కి దిగిన గీత చాప మీద నడుం వాల్చినట్టు అడ్డంగా పడుకుంది. ఇక కర్ర ఎక్కడున్నా, చెయ్యి ఎంత వణికినా, రెక్కల వేగం ఒక్కటే. కర్రకి మిగిలింది రెక్కల వాలు. దాన్ని కూడా నడిమధ్య మెత్తన చేశాడు, చిన్న వణుకు అంటకుండా.

ఒక్కటే చిక్కు. కర్రని అడుగుదాకా దించినా ఇక మోటారు ఆగదు. ఆపడానికి నా ఎడమ భుజం మీద ఉన్న మీట ఒక్కటే దిక్కు, దాని పేరు హోల్డ్. పైడిరాజు ఎడమ వేలు దానికి అందదు, కుడి చెయ్యి రెక్కలు ఆగేదాకా రెండో కర్రని వదలకూడదు. అందుకని రత్నాన్ని పక్కన నిలబడమన్నాడు.

“నేల మీద దిగినాక నాను సెప్తాను, నువ్వు ఇది ఎయ్యాల.”

అప్పుడామె నోట్లో గుండుసూదులున్నాయి, కళ్ళు చంకకుట్టు మీద ఉన్నాయి. తల ఊపింది. తల ఊపిన ఆడదానికి అంతా అర్థమైపోయిందనుకోవడం మగవాళ్ళకి అలవాటు.

ఆదివారం వచ్చింది. జోగారావు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. హెలికాప్టర్ లేచింది. పైడిరాజు ఎడమ చెయ్యి వణుకుతూనే ఉంది, ఆ వణుకు నా ఒంటికి తెలుస్తూనే ఉంది. కాని నేను పైకి పంపింది డెబ్బై, మళ్ళీ డెబ్బై, మళ్ళీ డెబ్బై. రెక్కల మోత ఒకే శ్రుతిలో ఉంది. తాటిచెట్టెత్తున హెలికాప్టర్ మేకు కొట్టినట్టు నిలబడింది. బీడు చుట్టూ ఒకసారి తిప్పి, మెల్లగా దించి, కర్రని అడుగుకి లాగాడు. రెక్కలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

అంతలో గట్టు అవతలి నుంచి ఒక మేకపిల్ల గంతులేస్తూ నేరుగా దానివైపే వచ్చింది.

“రత్తం, హోల్డ్ సెయ్యి.”

రత్నానికి తెలిసిన హోల్డ్ వేరు. ఆసుపత్రిలో కసరత్తు చేయించే అమ్మాయి రోజూ “హోల్డ్ చెయ్యండమ్మా” అంటే, ఈమె మొగుడి ఎడమ చెయ్యి కదలకుండా పట్టుకునేది. ఇప్పుడూ అదే చేసింది. రెండు చేతులతో ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. వణుకు ఠక్కున ఆగింది. రెక్కలు ఆగలేదు. మేకపిల్లకీ వాటికీ నడుమ నాలుగు బారలు మిగిలాయి.

“ఈ సెయ్యి కాదే. మీట. దాని బుజం మీద మీట.”

ఆమె ఒక చెయ్యి మాత్రం తీసి నా మీట పడేసింది. మోత దిగింది. గాలిలో బిళ్ళలా కనపడినది రెండు రెక్కలై విడిపోయింది, ఇంకొంచెం తిరిగి నిలిచిపోయింది. మేకపిల్ల వచ్చి హెలికాప్టర్ ముక్కు వాసన చూసి, గడ్డి కాదని తెలుసుకుని వెళ్ళిపోయింది.

జోగారావు గారు నుదురు తుడుచుకున్నారు.

“రండి, ప్రతి ఆదివారం రండి. ఒక్కరే మాత్రం రావద్దు, చెల్లెమ్మని తీసుకునే రండి. ముందు ఆ మీట పేరు మార్చండి.”

“ఆపు అని రాయండన్నా. సక్కగా తెలుస్తాది.” అంది రత్నం.

ఆయన నవ్వుకుంటూ టీకి వెళ్ళాక, మొగుడూ పెళ్ళాం గడ్డిలో కూలబడ్డారు. నన్ను ఒళ్ళో పెట్టుకుని మరిచిపోయారు. చాలాసేపు ఎవరూ ముట్టుకోకపోతే కూత పెట్టడం నా ధర్మం. పెట్టాను.

“ఏటి మావా, ఇది ఏడుస్తంది.”

“ఆపడం మరిసిపోయినాం కదా, పిలస్తంది.”

పైడిరాజు కుడిచేత్తో తడుముకుని నన్ను ఆపాడు. ఎడమ చెయ్యి ఖాళీగా లేదు.