రెండో సర్వపిండి

రాజలింగు ఆ నెలంతా అందరికీ ఒకటే మాట చెబుతూ వచ్చాడు. సరే. నీ భార్యకు కుడిపక్క పడిపోయిందని డాక్టరు అంటే సరే. మాట ఎప్పుడొస్తుందో చెప్పలేమంటే సరే. పక్క క్వార్టరు పద్మలత "అన్నా, జర గడ్డమన్న గీసుకోరాదే" అంటే దానికీ సరే. గడ్డం మాత్రం గీసుకోలేదు. మనిషన్నాక కోపమైనా రావాలి, ఏడుపైనా రావాలి. రెండూ రాకపోతే చూసేవాళ్లకు ఒళ్లు మండుతుంది.

అతను గోదావరిఖనిలో బొగ్గుబాయి మనిషి. భూమి లోపల నీళ్లు తోడే పంపు దగ్గర సగం జీవితం కూర్చున్నాడు. ఇంట్లో అతనూ, భార్య చంద్రవ్వా, అంతే. పిల్లలు కలగలేదు. ఒకరోజు పొద్దున చంద్రవ్వ పొయ్యి ముందే కూలబడింది. పోపులో ఎల్లిపాయ మాడి, పొగ ముందుగది దాకా వచ్చినా రాజలింగు పేపరు మడవలేదు. "గా మాడు వాసనేందే" అని కూర్చున్నచోటి నుంచే అరిచాడు. పొగ ఇంకా చిక్కనైంది. లేచి వెళ్లి చూశాడు. ఆ చూసిన గడియలోనే అతని లోపల పంపు బందయినట్టు అంతా బందయిపోయింది.

దవాఖానలో ఉన్నన్నాళ్లు ముక్కు గొట్టంలోంచి జావ పోశారు. ఇంటికొచ్చాక అసలు తిప్పలు మొదలయ్యాయి. చంద్రవ్వ నోరు తెరవదు. పాలు కాసిని, నీళ్లు కాసిని తాగుతుంది. అన్నం ముద్ద దగ్గరికి వస్తే పెదాలు బిగించి గోడవైపు తిరుగుతుంది.

రాజలింగు బాయికి సెలవు పెట్టి వంటకు దిగాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, పెళ్లయిన నాటి నుంచి ఆ మనిషి వంటింట్లో మంచినీళ్లు కూడా తన చేత్తో ముంచుకోలేదు. ఇప్పుడు ఫోను గోడకు ఆనించి, అందులో ఎవరో ఆడమనిషి నవ్వుతూ చెబుతుంటే ముద్దపప్పు ఉడికించాడు. పచ్చిపులుసు పిసికాడు. బీరకాయ కూర, పొంగలి, ఇడ్లీలు, సాంబారు, ఒకటని కాదు. ఫోనులో ఆమె ప్రతిసారీ "ఉప్పు రుచికి సరిపడా వేసుకోండి" అనేది. ఎవరి రుచికి? అతనికి ఏ రుచీ తెలియడం లేదు. తినేవాడు, మింగేవాడు, గిన్నె కడిగేవాడు. పద్మలత ఒకసారి సాంబారు నాలుక మీద వేసుకుని "మంచిగనే చేసినవన్నా" అంది. సరే అన్నాడు. చంద్రవ్వ మాత్రం పెదవి విప్పలేదు.

దవాఖానలో కసరత్తు చేయించే అమ్మాయి పంపించేటప్పుడే చెప్పింది, ఎడమ చేత్తో తినడం అలవాటు చేయమని. రాజలింగు స్పూను తెచ్చి భార్య ఎడమచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని జారవిడిచి, ఆ చేతిని కొంగు కింద దాచుకుంది. అతనికి అర్థం కాలేదు. ఆకలి లేదేమో అనుకున్నాడు. ఎంత తెలివో చూడండి. చిన్నప్పుడు చంద్రవ్వ ఎడమచెయ్యి కంచం మీదికి పోతే వాళ్లవ్వ గంటెతో కొట్టేది. కడుక్కునే చేతితో తింటావా అని. ఊహ తెలిసిన నాటి నుంచి దూరం పెట్టిన చేతిని ఇప్పుడు ఏ మొహంతో నోటికెత్తుకుంటుంది? పోనీ మొగుడు కలిపి పెడితే పసిపిల్లలా నోరు తెరవాలా? తాను వడ్డిస్తే తిన్న మనిషి ముందు నోరు చాపడం ఆమె వల్ల కాలేదు. ఈ రెండింటికంటే ఆకలే నయమనుకుంది. చెప్పుకుందామంటే నోట మాట లేదు.

బుధవారంనాడు చంద్రవ్వ అక్క సమ్మవ్వ చెన్నూరు నుంచి వచ్చింది. చెల్లెలి చేతులు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ చేతులు ఎముకలై ఉన్నాయి. లేచి ముందుగదిలోకి వచ్చింది.

"మర్దీ, ఒక్క మాటంట, కోపం చేస్కోకు. గిట్ల గుక్కెడు పాలు తాగి ఎన్నొద్దులు బతుకుతది? ఆయితారం దాకా చూస్త. అప్పటికీ నోరు తెరువకుంటే మా ఇంటికి తోల్కపోత. మా కోడలుంది, నేనున్న. ఆడోళ్ల చెయ్యయితే తింటదేమో. బట్టలు సదిరి పెట్టు."

"సరే వదినె."

"సరేనా? వద్దనవా?"

"నీ ఇష్టం."

సమ్మవ్వ అతని మొహంలోకి కాసేపు చూసింది. చెల్లెలు ఇన్నేళ్లు ఎవరితో కాపురం చేసిందో ఇప్పుడే తెలిసినట్టు చూసి, చెప్పులేసుకుని బస్టాండుకు పోయింది.

నిజం చెప్పాలంటే అతనికి వద్దనాలని ఉందో లేదో అతనికే తెలియదు. ఆమె పోతే ఈ ఇంట్లో తానొక్కడే. ఆ సంగతి తెలుసు. తెలిసినా లోపల ఎక్కడా గుచ్చుకోవడం లేదు. చీమ కుట్టినట్టయినా ఉంటే బాగుండుననిపించింది. ఆదివారం పొద్దున్నే చీరలు నాలుగు మడిచి, మందులు, దువ్వెన, దేవుడి ఫోటో వెనక ఆమె దాచుకున్న పసుపు పొట్లం సంచిలో పెట్టి, జిప్పు లాగి తలుపు పక్కన నిలబెట్టాడు. మధ్యాహ్నం బస్సుకు సమ్మవ్వ వస్తుంది.

ఆదివారమైతే ఆ ఇంట్లో సర్వపిండి, గిన్నెలో ఒత్తి కాల్చే కారపు రొట్టె. అది పెళ్లయిన కొత్తలోనే మొదలైంది. రాజలింగు పేపరు పట్టుకుని ముందుగదిలో కూర్చుంటే లోపలి నుంచి ఒకటొకటిగా వచ్చేవి. అంచులు కరకర, నడుమ మెత్తన. మధ్యమధ్యలో వంటింట్లో సుయ్యిమని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినబడ్డ కాసేపటికి ఇంకోటి వచ్చేది. అదేం చప్పుడో అతను ఏనాడూ అడగలేదు.

"పోయేముందు ఒక్కటన్న చేసి పెడ్త" అన్నాడు. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు. చంద్రవ్వను ఎత్తుకొచ్చి వంటింట్లో గోడకు ఆనించి కూర్చోబెట్టాడు. పడిపోయిన నాటి తర్వాత ఆమె ఆ గదిలోకి రావడం అదే మొదలు. పొయ్యివైపు ఒకసారి చూసి కళ్లు దించుకుంది.

బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, దంచిన ఎల్లిపాయ, కారం, కరివేపాకు వేసి తడిపాడు. ఫోనులో చూసినట్టే గంజు గిన్నె అడుగున నూనె రాసి, ముద్దను లోపలివైపు పలచగా ఒత్తాడు. వేలితో చిల్లులు పొడిచి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న మంట మీద ఉంచాడు. వాసన వచ్చింది. చంద్రవ్వ ముక్కుపుటాలు కదిలాయి. ఒకవైపు ఎర్రగా కాలిన సర్వపిండిని తీసి ఆమె ముందు కంచంలో పెట్టాడు. ఆమె దానివైపు చూసింది. తుంచి నోటి దాకా తీసుకుపోతే మొహం తిప్పుకుంది.

సరే అనుకున్నాడు. ఫోనులో ఆ ఆడమనిషి ఒక్కటి చేసి, నవ్వి, పోయింది. రెండోది ఎలాగో చెప్పలేదు. రాజలింగు పొయ్యి ఆర్పి, గంజును బట్టతో పట్టుకుని కింద పెట్టుకుని, ముందు కూర్చున్నాడు. ఇంకో ముద్ద తీసుకుని లోపలేసి ఒత్తడం మొదలుపెట్టాడు.

ముద్ద చుర్రుమంది. గంజు నిప్పులా ఉంది. అతను ఒత్తుతూనే ఉన్నాడు. చూపు తలుపు పక్క సంచి మీద ఉంది. పిండి వేళ్ల కింద చిరిగి, వేళ్లు నేరుగా గంజుకు అంటుకుంటున్నా తీయలేదు. అంచుల దాకా, ఒకే మందాన, ఎంతో శ్రద్ధగా ఒత్తాడు. కాలుతున్నట్టు అతనికి కబురే అందలేదు.

"ఆ... ఆ..." అంది చంద్రవ్వ.

అతను తలెత్తలేదు.

చంద్రవ్వ పక్కకు వాలింది. వాలి, ఎడమ మోచేతి మీద ఈడ్చుకుంటూ ముందుకు జరిగింది. చచ్చుబడ్డ కాలు వెనకాలే వచ్చింది. కొంగు కింద దాచుకున్న ఆ ఎడమచేత్తోనే మొగుడి మణికట్టు పట్టి గంజులోంచి లాగింది. ఇంత బలం ఆమెలో ఎక్కడుందో తెలియదు. లాగి, పక్కనున్న నీళ్ల బేసినులో ముంచి, పైకి రాకుండా అదిమి పట్టుకుంది.

అప్పుడు చూసుకున్నాడు రాజలింగు. నీళ్లలో తన వేళ్ల కొసలు తెల్లగా పొంగి ఉన్నాయి. ఎవరివో చూస్తున్నట్టు చూశాడు.

చంద్రవ్వ అతని చెయ్యి వదిలి గంజును చూపించింది. తర్వాత బేసినును చూపించింది. మళ్లీ గంజు, మళ్లీ నీళ్లు. మొద్దు మొగుడికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. రెండో చేత్తో బట్టతో గంజు ఎత్తి, దాని అడుగు నీళ్లకు ఆనించాడు.

సుయ్యిమంది.

రాజలింగు అలాగే ఉండిపోయాడు. ఇన్నేళ్ల ఆదివారాలు గోడకు ఇవతల విన్న చప్పుడు అది. ఒకటి దించగానే గంజు చల్లార్చుకుని, అప్పుడు ఇంకోటి ఒత్తేది. తాను తిన్న ప్రతి సర్వపిండికీ ముందు ఆమె చెయ్యి ఆ వేడి పక్కనే ఉంది. "గిదా" అన్నాడు. "గీ చప్పుడు గిదా" అన్నాడు మళ్లీ.

చంద్రవ్వ కంచంవైపు తిరిగింది. మొగుడి కుడిచెయ్యి నీళ్లలో ఉంది. తన కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. ఆ ఇంట్లో తినిపించడానికి మిగిలింది ఒక్క చెయ్యే. దాన్ని ఎత్తి, చాలాసేపు చూసుకుంది. కొంగుకు రెండువైపులా తుడుచుకుంది. సర్వపిండి అంచు తుంచింది. అతని నోటి దగ్గరికి తెచ్చి ఆపింది. కళ్లలో సిగ్గు. తప్పు చేస్తున్న పిల్లలా చూస్తోంది.

రాజలింగు నోరు తెరిచాడు.

నమిలాడు. మింగాడు. "ఉప్పు తక్కువైందే" అన్నాడు.

చంద్రవ్వ గొంతులోంచి చిన్న చప్పుడొచ్చింది. నవ్వే అయ్యుండాలి. అదే చేత్తో ఇంకో ముక్క తుంచి, ఈసారి తన నోట్లో పెట్టుకుంది. ఒకవైపు పెదవి వంగిపోయి ముక్క జారబోతే వేలితో లోపలికి నెట్టుకుంది. నమిలింది. మరో ముక్క తుంచింది.

ఆమె నమిలే చప్పుడు వింటూ ఉండగా అతని వేళ్లు సలపడం మొదలైంది. ముందు కొసల్లో, తర్వాత అరచేయంతా, తర్వాత భుజం దాకా భగభగమంది.

వీధి తలుపు చప్పుడైంది. సమ్మవ్వ లోపలికొస్తూ సంచిని చూసింది. "సదిరినవా మర్దీ? బస్సు మళ్ల రెండు గంటలకున్నది" అంటూ వంటింటి గడప దాకా వచ్చి ఆగిపోయింది. చెల్లెలు ఎడమచేత్తో తింటోంది. మరిది బేసినులో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"వదినె" అన్నాడు రాజలింగు. "చెయ్యి మండుతున్నది వదినె."

అని బావురుమన్నాడు. సమ్మవ్వ సంచి సంగతి మరిచిపోయి, వెన్న కోసం పద్మలత ఇంటికి పరుగెత్తింది. చంద్రవ్వ ఒక ముక్క తుంచి, ఏడుస్తున్న మొగుడి నోట్లో పెట్టింది.