పదకొండు గంటల వార్పు

తెల్లారి ఐదుకు పట్టు వార్పు భుజాన వేసుకుని వీధిలోకొచ్చిన సుంకమ్మ కాళ్లు నేలకు అతుక్కుపోయినాయి. వీధి నడిమధ్యన చెట్లు నాటే రాతి తొట్లు! ఒకటా రెండా, పైకొస నుంచి సగం వీధి దాకా, వంకరటింకరగా. తొట్టికీ తొట్టికీ మధ్యన ఇనుప గుంజలు. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది.

"ఓ ఖైరున్‌బీ! బయటికి రాయే! మన వీధికి సమాధి కట్టినారు!" అని పక్కింటికి కేకేసింది.

నేత పని ఎరగనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలన్నీ వీధి పొడవునా లాగి, గుంజలకు కట్టి, గంజి పట్టించి, తెగిన పోగులు అతకాలి. ఆ దారాల మొత్తాన్నే వాళ్లు వార్పు అంటారు. దానికి నూరడుగుల తిన్నని జాగా కావాలి. ఏ నేతగాడి ఇంట్లో ఉంటుందయ్యా అంత జాగా? వీధే వాళ్ల కార్ఖానా. వీధి పోతే మగ్గం పోయినట్టే. మగ్గం పోతే సుంకమ్మ బెంగళూరు పోయి ఇటుకలు మోయాల్సిందే.

తొమ్మిదికి కాంట్రాక్టరు రామచంద్ర దిగినాడు. పట్టణ సుందరీకరణ కమిటీ పనులన్నీ ఆయనవే. మనుషుల్ని పెట్టి పెద్ద ఫ్లెక్సీ కట్టించినాడు. అందులో ఇదే వీధి. చెట్లున్నాయి, బెంచీలున్నాయి, ఐస్‌క్రీం తినే పిల్ల ఉంది, మెడకు బెల్టున్న కుక్క కూడా ఉంది.

"ఇందులో మేం యాడుండామప్పా?" అనడిగింది సుంకమ్మ.

"మీరా? డిజైనరమ్మ బెంగళూరు నుంచి వచ్చి మూడు దినాలు సర్వే చేసింది. దినామూ పదకొండుకొచ్చి చూసింది. ఒక్క గుంజ లేదు, ఒక్క దారం లేదు. ఖాళీ జాగా అని రాసుకునింది. అప్పుడు మీరు యాడుంటిరి?"

యాడుంటారు? ఇండ్లలో, మగ్గం గుంతల్లో! ఎనిమిది కొట్టేసరికి వార్పు చుట్టేసి, గుంజలు పీకి, అవి నాటిన గుంతల మీద రాళ్లు మూసి, గంజి మరకలు కడిగి, స్కూలు పిల్లలకూ బండ్లకూ దారి విడవడం ఆ వీధి కట్టుబాటు. తప్పినవాళ్లను వెంటపడి తిట్టేది ఎవరనుకున్నారు? ఈ సుంకమ్మే! ఎవరికీ అడ్డం కాకూడదని తమ ఆనవాళ్లు తామే కడిగేసుకున్నారు.

ఆ సాయంత్రం ఖైరున్‌బీ వసారాలో వీధి వీధంతా కూడింది.

"అర్జీ పెడదాం," అన్నాడు పెద్ద నేతగాడు పుల్లన్న.

"జవాబొచ్చే లోపల మిగతా సగమూ కట్టేస్తారు మామా!" అంది డిగ్రీ చదివే మంజులత. ఆమె కూడా మగ్గం ఇంటి పిల్లే.

"పోనీ, వార్పులు ఆటోలో ఏసుకోని ఊరి బయటికి పోదాం," అన్నాడొకడు.

"ఆ గాలికి పట్టు నిలుస్తాదా? నీ తలకాయ!"

"గొడవైతే నా కొడుకునే మన మీదికి తోల్తారే," అంది ఖైరున్‌బీ. ఆమె కొడుకు ఇంతియాజ్ ఆ ఊర్లోనే కానిస్టేబులు.

అరుపులు, వాదులాట. అప్పుడు సుంకమ్మ లేచింది.

"మనం కనపడకుండా బతికినాం. అదే మనం చేసిన తప్పు. సోమారం పదకొండుకు పెద్దోళ్లొచ్చి రిబ్బను కోసి ఈ తొట్లకు ప్రారంభం చేస్తారంట గదా? మనమూ పదకొండుకే వార్పేద్దాం. కండ్లుండేవాళ్లు చూస్తారు."

సోమవారం షామియానా వేసినారు, డప్పులు పెట్టించినారు, బందోబస్తుకు ఎస్సైనీ పోలీసులనూ పిలిపించినారు. రిబ్బను పైకొసన కట్టినారు. అతిథుల కార్లు కిందికొసన ఆగినాయి. నడిచి రావాల్సిన ఆ సగం వీధిలో ఎర్రని పట్టు వార్పు, ఎడమ గోడ నుంచి కుడి గోడకు ఐమూలగా, నడుమెత్తున. దానికి రెండు పక్కలా మూడొందల మంది. హిందూపురం నుంచి కూడా పది మంది మగ్గం కార్మికులు బస్సెక్కి వచ్చినారు.

వార్పును ఎవరూ దాటరు, తెంపరు. కింద వంగి పోవాల్సిందే.

"వంగి రాండి సార్! పెండ్లికొడుకైనా ఈడ వంగే పోతాడు," అంది సుంకమ్మ.

"నేను వంగల్లనా? మా అతిథులు వంగల్లనా?" రామచంద్ర మొహం కందిపోయింది. "ఏయ్ కానిస్టేబుల్, పీకేయ్ దాన్ని!"

ఇంతియాజ్ రెండడుగులు వేసినాడు. వార్పుకు అవతల తల్లి కనబడింది. "దాన్ని తెంపరాదు సార్," అన్నాడు మెల్లగా.

రామచంద్ర తన మనిషి పట్టుకున్న పళ్లెంలోంచి రిబ్బను కత్తెర లాక్కుని, వార్పును అడ్డంగా కత్తిరించేసినాడు.

డప్పులు ఆగిపోయినాయి. పట్టు రెండు పక్కలా నేల మీదికి జారింది.

"నా మూడు చీరల పట్టురా! నా పిల్లల కూడురా!" సుంకమ్మ దూకి వాని చొక్కా పట్టుకుంది. జనం ఒక్క పెట్టున ముందుకు తోసుకొచ్చినారు. లాఠీలు లేచినాయి. ఎస్సై ఆమెనూ పుల్లన్ననూ మంజులతనూ జీపులో వేయించినాడు.

ఖైరున్‌బీ మాత్రం నడివీధిలో చతికిలబడింది. అటొక పోగు, ఇటొక పోగు తీసుకుని, వేలికి బూడిద రాసుకుని, మెలేసి అతికింది. ఆమె పక్కన ఇంకొకామె కూర్చుంది. ఇంకొకామె. మగవాళ్లూ కూర్చున్నారు.

"ఏం చేస్తాండారు? లేయండి!" గద్దించినాడు ఎస్సై.

"అతుకుతాండాం సార్. తెగిన వార్పును చుట్టరాదు. చుట్టితే చిక్కుపడి మట్టిలో కలుస్తాది. అన్ని పోగులూ అతికేదాకా ఇది ఈన్నే ఉండల్ల."

"ఎన్ని పోగులు?"

"నాలుగు వేలు," అంది ఖైరున్‌బీ తలెత్తకుండానే.

అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకుని కార్లెక్కినారు. రామచంద్ర చేతిలో కత్తెర అట్లనే ఉండిపోయింది. ఇంతియాజ్ పోయి ఎండ పడకుండా తల్లి పక్కన నిలబడినాడు.

జీపు కదిలింది. ముప్పై ఏండ్లుగా ఆ వీధిలో తెల్లారితే తొందరపెట్టే కేక ఒకటే: "బిర్నా కానీండే, ఎనిమిదవుతాండాది!" అది సుంకమ్మ కేకే. ఇప్పుడామె జీపులోంచి సగం బయటికి వంగి, వీధంతా వినబడేట్టు అరిచింది.

"నిదానంగా అతకండే! తొందరేం లేదు!"